రిటైరయ్యాక పడవ షికారు: ఎర్రనేలల నడుమ ముకుట్‌మణిపూర్

ముకుట్‌మణిపూర్ సరస్సు ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల నుంచి రోడ్డు మీద సుమారు మూడు గంటల దారి. బాంకురా జిల్లా దక్షిణ కొసన కంసావతి, కుమారి నదులు కలిసే చోట మట్టి ఆనకట్ట కట్టారు. దాని వెనుక నిలిచిన నీరే ఈ సరస్సు. నిండినప్పుడు విస్తీర్ణం సుమారు 86 చదరపు కిలోమీటర్లు. ఖరగ్‌పూర్ వాళ్లకు ఈ నీరు పరాయిది కాదు. మేదినీపూర్ వెళ్లే ప్రతి రైలూ దాటే కాంసాయి నది, ఈ కంసావతి ఒకటే. ముప్పై నలభై ఏళ్లు వర్క్‌షాపు, యార్డు, ఆఫీసుల మధ్యే తిరిగి, ఆ నదిని రైలు కిటికీలోంచి తప్ప చూడని తెలుగు కుటుంబాలు ఆ ఊళ్లో ఎన్నో. ఉద్యోగం ముగిశాక దొరికే తీరికలో, పెన్షను డబ్బులకు లోబడి, ఒంటిని పెద్దగా శ్రమపెట్టకుండా చేయగలిగిన వినోదాల్లో పడవ షికారు ముందు వరుసలో ఉంటుంది. అయితే నీటితో వ్యవహారం కాబట్టి ఏ నెలలో వెళ్లాలి, ఏ పడవ ఎక్కాలి, అందులో ఎలా కూర్చోవాలి అన్నవి తెలిసి ఉండటం అవసరం.

ఈ ప్రాంతాన్ని బెంగాలీలు రాఢ్ అంటారు. గంగ డెల్టాలోని పచ్చదనం, చిత్తడి ఇక్కడ కనిపించవు. ఛోటానాగ్‌పూర్ పీఠభూమి తూర్పుకు దిగుతూ వచ్చే ఏటవాలు నేల ఇది. ఎర్రకంకర, సాల వృక్షాల అడవి, మధ్య మధ్య తాటిచెట్లు, గడ్డి కప్పిన గుట్టలు. ఎడారి అనడానికి వీల్లేదు. ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు మించే వాన పడుతుంది. కాకపోతే ఆ వానలో ఎక్కువ భాగం నాలుగు నెలల్లోనే కురిసిపోతుంది. కంకర నేల దాన్ని పట్టి ఉంచలేదు. ఫాల్గుణం దాటేసరికి నదుల్లో ఇసుక మేటలు, వాటి పక్కన సన్నటి పాయలు మిగులుతాయి. వేడి సంగతికొస్తే, ఖరగ్‌పూర్ పక్కనే ఉన్న కలైకుండాలో 2024 ఏప్రిల్ 30న 47.2 డిగ్రీల ఉష్ణోగ్రత నమోదైంది. అది రాజస్థాన్ ఊళ్లకు తీసిపోని ఎండ. ఇలాంటి నేలలో కనుచూపు మేర నీరు కనిపిస్తోందంటే అది మనుషులు కట్టుకున్నదే అయి ఉండాలి.

కంసావతి ప్రాజెక్టు రెండో పంచవర్ష ప్రణాళిక కాలంలో, 1956లో మొదలైంది. అప్పటి ముఖ్యమంత్రి బిధాన్ చంద్ర రాయ్. ఆనకట్ట పొడవు పది కిలోమీటర్లకు పైమాటే, ఎత్తు సుమారు 38 మీటర్లు. కట్ట మీద రోడ్డు వేశారు. ఒక పక్క నీరు, మరో పక్క పల్లంలో పొలాలు చూస్తూ కట్ట వెంబడే పోవచ్చు. బాంకురా, పశ్చిమ మేదినీపూర్, హుగ్లీ జిల్లాల పొలాలకు కాలువల ద్వారా నీరివ్వడమే దీని అసలు పని. తెలుగు పాఠకులకు ఇక్కడ నాగార్జునసాగర్ గుర్తుకు రావడం సహజం. సాగర్‌కు శంకుస్థాపన జరిగింది 1955 డిసెంబరులో, అంటే రెండూ దాదాపు ఒకే కాలంలో పుట్టిన ప్రాజెక్టులు. సాగర్ నీటి కింద నాగార్జునకొండ లోయలోని బౌద్ధ కట్టడాలు మునిగిపోయాయి. ముఖ్యమైన వాటిని కొండ మీదికి తరలించి మ్యూజియం పెట్టారు, లాంచీ ఎక్కి వెళ్లి చూడాలి. కంసావతి లోయ ఒకప్పుడు జైనుల ప్రాంతం. సరస్సు ఒడ్డున పరేశ్‌నాథ్ గుట్ట మీద ఈనాటికీ పాత రాతి విగ్రహాలు ఆరుబయట నిలబడి ఉన్నాయి. పక్కనే ఉన్న అంబికానగర్ పేరులో జైనుల దేవత వినిపిస్తుంది. సాగర్ కోసం ఊళ్లు ఖాళీ అయినట్టే ఇక్కడా పల్లెలు, పొలాలు నీటి పాలయ్యాయి. పడవ కింద ఉన్నది ఒకప్పుడు జనం దున్నుకున్న భూమి అన్న సంగతి షికారుకు వచ్చినవాళ్లకు తెలిసి ఉండటం మంచిది.

కాంసాయి నదితో తెలుగువారికి మరో చుట్టరికం కూడా ఉంది. మేదినీపూర్ దగ్గర ఇదే నదికి అడ్డంగా పంతొమ్మిదో శతాబ్దంలో ఒక ఆనకట్ట కట్టి కాలువ తవ్వారు. గోదావరి ఆనకట్టతో పేరు పొందిన ఆర్థర్ కాటన్ 1858లో ఒరిస్సా నదులను చూసి ఇచ్చిన సలహాల నుంచి పుట్టిన కాలువల పథకంలో ఇది ఒక భాగం. ఆ కాలువలో సరుకు పడవలు నడిచేవి. రైలు వచ్చాక పడవల రవాణా వెనకబడింది. ఆ రైలే తెలుగువాళ్లను ఈ నది ఒడ్డుకు తీసుకొచ్చింది.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే (బీఎన్ఆర్) కంపెనీ 1887లో ఏర్పడింది. 1902లో ఈస్ట్ కోస్ట్ లైను ఉత్తర భాగం దాని చేతికి వచ్చింది. వాల్తేరు నుంచి ఖరగ్‌పూర్ దాకా ఒకే కంపెనీ పట్టాలు కావడంతో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల నుంచి జనం పనికోసం రైలెక్కారు. వర్క్‌షాపులో ఫిట్టర్లుగా, ఖలాసీలుగా, లోకో షెడ్డులో ఫైర్‌మన్లుగా చేరినవాళ్ల పిల్లలు అక్కడే పుట్టి, అక్కడే చదివి, అక్కడే ఉద్యోగాల్లో కుదురుకున్నారు. బరంపురంలో పుట్టిన వి.వి.గిరి, తర్వాత రాష్ట్రపతి అయినాయన, 1920లలో ఈ బీఎన్ఆర్ కార్మికుల సంఘాన్ని నడిపారు. మథురాకాటి, నింపురా, గోల్‌బజార్, ఓల్డ్ సెటిల్‌మెంట్ వీధుల్లో ఉత్తరాంధ్ర యాసలో హిందీ, బెంగాలీ మాటలు కలిసిన తెలుగు ఇప్పటికీ వినిపిస్తుంది. ఏటా జరిగే మాతా పూజల్లో ఆడవాళ్లు నెత్తిన ఘటాలతో ఊరేగుతారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించిందంటే దానికి ప్రధాన కారణం ఖరగ్‌పూర్ తెలుగువాళ్లే.

రైల్వేలో అరవై నిండిన నెలాఖరున ఉద్యోగం ముగుస్తుంది. కొన్ని నెలల్లో క్వార్టర్ ఖాళీ చేయాలి. కొందరు సొంత ఊళ్లకు వెళ్లిపోతారు. పిల్లల చదువులు, ఇరుగుపొరుగు, రైల్వే ఆసుపత్రి విడిచి వెళ్లలేనివాళ్లు తాల్‌బాగీచా, ఝాపేటాపూర్, మలంచా వైపు ఇల్లు కట్టుకుని ఉండిపోతారు. సైరన్‌తో లేచి, షిఫ్టుతో తిని, డ్యూటీ రోస్టరుతో నిద్రపోయిన మనిషికి ఒక్కసారిగా వారమంతా ఖాళీ అయిపోతుంది. మొదటి ఏడాది గుళ్లు, యాత్రలు, కూతురి ఇంటికి రాకపోకలతో గడిచిపోతుంది. ఆ తర్వాత పొద్దు ఎలా పుచ్చాలన్నది నిజమైన ప్రశ్న. ఇనుము మోతలో పనిచేసి చెవులు మందగించినవాళ్లు, మోకాళ్లు అరిగిపోయి ఎక్కువ దూరం నడవలేనివాళ్లు కొండలెక్కే యాత్రలకు వెనకాడతారు. పడవకు అలాంటి షరతులు లేవు. కూర్చునే గంట సేపు నీటి మీద తిరగవచ్చు. భార్యాభర్తలు పక్కపక్కనే కూర్చోవచ్చు. మనవలు వస్తే వాళ్లనూ తీసుకెళ్లవచ్చు. నీటి మీద చల్లగాలి, దూరపు చూపు, పనిలేని నిశ్శబ్దం ఒక మనిషికి ఎంత అవసరమో యంత్రాల మధ్య బతుకు గడిపినవాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు.

ముకుట్‌మణిపూర్‌లో పడవలు కట్టకు నీటి వైపున రేవులో దొరుకుతాయి. ఎక్కువగా చెక్కతో చేసిన నాటు పడవలే. కొన్ని తెడ్లతో నడుస్తాయి, కొన్నిటికి డీజిల్ ఇంజను బిగించి ఉంటుంది. ఇలాంటి ఇంజను పడవలను బెంగాల్ అంతటా వాటి చప్పుడును బట్టి భుట్‌భుటి అంటారు. పొలంలో నీళ్లు తోడే ఒంటి సిలిండరు ఇంజను లాంటిదే ఇందులోనూ ఉంటుంది. అవతలి ఒడ్డున బొన్‌పుకురియా జింకల పార్కు ఉంది, చాలామంది అక్కడికి పోయి వచ్చేందుకు ఇంజను పడవ మాట్లాడుకుంటారు. రెండు నదులు కలిసే వైపు తిప్పి చూపించమన్నా పడవవాళ్లు ఒప్పుకుంటారు. సరస్సును నిజంగా అనుభవించాలంటే తెడ్ల పడవే మేలు. ఇంజను పడవలో మాట వినపడదు, పొగ వెనక్కి తిరిగి ముఖానికి కొడుతుంది, శీతాకాలంలో వచ్చే నీటిపక్షులు ఆ చప్పుడుకు దూరం నుంచే లేచిపోతాయి. దూరం వెళ్లాలి కాబట్టి ఇంజను పడవే ఎక్కాల్సి వస్తే ఇంజనుకు ముందు వైపు, గాలి వచ్చే దిక్కుకు దగ్గరగా కూర్చోవాలి. పార్కు చెరువుల్లో ఉండే కాళ్లతో తొక్కే పడవలు మోకీళ్ల నొప్పులవాళ్లకు పనికిరావు. పావుగంటలో మోకాలు వాస్తుంది, సగం దూరం పోయాక తొక్కలేకపోతే వెనక్కి తెచ్చేవాడు ఉండడు.

కాలం విషయంలో తొందర కూడదు. వానలు ముగిసి సరస్సు నిండేది ఆశ్వయుజం నాటికి. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య దాకా నీరు నిండుగా, గాలి నెమ్మదిగా, ఎండ సుఖంగా ఉంటుంది. పడవ షికారుకు అదే అసలైన కాలం. డిసెంబరు చివరి వారం నుంచి సంక్రాంతి దాకా మాత్రం పిక్నిక్ జనం విరగబడతారు. సంక్రాంతికి తుసు పండుగ జరుపుకునే పల్లెల వాళ్లతో నది ఒడ్డు కిక్కిరిసిపోతుంది. ఆ పండుగ చూడదగ్గదే, కానీ రద్దీ రోజున పడవ ఎక్కడం పెద్దవాళ్లకు మంచిది కాదు. బేరం ఎక్కువగా ఉన్న రోజునే పడవలో మనుషులను కూరుతారు. వారం మధ్యలో వెళ్లే వీలు రిటైరైనవాళ్లకు ఉంది. ఆదివారం తప్ప సెలవు లేనివాళ్లకు లేని ఆ సౌకర్యాన్ని వదులుకోకూడదు. తెల్లవారుజామున పొగమంచు ఉంటే అది విడిచేదాకా రేవులోనే ఆగాలి.

మార్చి నుంచి మే దాకా రెండు ఇబ్బందులు. మొదటిది నీటి మట్టం. ఈ నీరు రైతులది. పంటలకు వదిలేకొద్దీ సరస్సు అంచు వెనక్కి పోతుంది, రేవు మెట్ల దగ్గర బురద తేలుతుంది, పడవ దాకా జారుడు నేల మీద నడవాల్సి వస్తుంది. రెండోది అంతకంటే ప్రమాదకరం. చైత్ర వైశాఖాల్లో మధ్యాహ్నం తిరిగాక ఛోటానాగ్‌పూర్ వైపు నుంచి గాలివానలు విరుచుకుపడతాయి. బెంగాలీలు వాటిని కాల్‌బైశాఖి అంటారు. పగలంతా నేల కాగి, వేడిగాలి పైకి లేచి, సముద్రం నుంచి వచ్చిన తేమతో కలిసి మేఘమవుతుంది. ఆ మేఘం కూలినప్పుడు చల్లగాలి నేలబారుగా దూసుకొస్తుంది. వాయవ్యాన నల్లటి మబ్బు కనిపించిన అరగంట గంటలోనే ఊరి మీద ఉంటుంది. చిన్న చెరువులో గాలికి అల లేవడానికి చోటు చాలదు. కిలోమీటర్ల పొడవునా అడ్డులేని నీరు ఉన్న చోట అదే గాలి పడవ అంచును మించిన అలలు లేపగలదు. కాబట్టి ఎండాకాలంలో వెళ్లేవాళ్లు ఉదయం తొమ్మిదిన్నర, పదికల్లా ఒడ్డు చేరుకునేట్టు చూసుకోవాలి. మధ్యాహ్నం షికారు ఆ మూడు నెలలూ మానేయడమే సరైన పని.

పడవ ఎందుకు బోల్తా పడుతుందో తెలిస్తే ఎలా కూర్చోవాలో వేరే చెప్పనక్కర్లేదు. తేలుతున్న పడవను రెండు బలాలు నిలబెడతాయి. మనుషులతో కలిపి పడవ మొత్తం బరువు ఒక చోట నుంచి కిందికి లాగుతుంది. పడవ తోసేసిన నీరు దాన్ని మరో చోట నుంచి పైకి నెడుతుంది. పడవ ఒక పక్కకు ఒరిగినప్పుడు ఆ పక్క ఎక్కువ భాగం నీట మునుగుతుంది కాబట్టి నీటి తోపుడు అటు జరిగి పడవను మళ్లీ నిలబెడుతుంది. బరువు ఎంత కిందుగా ఉంటే ఈ నిలబెట్టే శక్తి అంత ఎక్కువ. మనుషులు అడుగున, నడిమధ్యన కూర్చున్న పడవ ఒరిగినా తిరిగి లేస్తుంది. అదే మనుషులు లేచి నిలబడినా, పైన మంచె లాంటి అంతస్తు కట్టి దాని మీద ఎక్కినా బరువు పైకి పోతుంది, ఒరిగిన పడవ ఒరిగినట్టే పోతుంది.

పడవ బోల్తా పడేది సాధారణంగా ఇలా ఉంటుంది. పడవలో ఇరవై మంది ఉన్నారు. జింకల పార్కు ఒడ్డు కనిపించింది. ఎవరో చెయ్యి చూపించారు. ఫోటోల కోసం పది మంది ఆ వైపు బల్ల మీదికి జరిగారు. అప్పటిదాకా నీటికీ పడవ అంచుకూ మధ్య మూరెడు ఉన్న జాగా ఆ పక్క జానెడుకు దిగింది. పక్క నుంచి పోయిన మరో ఇంజను పడవ లేపిన అల అంచు మీదుగా లోపలికి పొర్లింది. లోపలికి వచ్చిన నీరు పడవ అడుగున సమంగా పరుచుకోదు, ఒరిగిన వైపే జారుతుంది. దాని బరువుతో పడవ ఇంకాస్త ఒరుగుతుంది, మరింత నీరు వస్తుంది. ఈ పాటికి జనం బెదిరి ఒక్కసారిగా రెండో వైపుకు ఉరుకుతారు, పడవ అటు తిరగబడుతుంది. మొదటి మనిషి జరిగినప్పటి నుంచి ఇదంతా ఒకటి రెండు నిమిషాల వ్యవహారం. అందుకే ఎక్కే ముందే పడవ అంచును చూడాలి. జనమంతా ఎక్కి కూర్చున్నాక మూరెడు అంచు నీటిపైన కనిపిస్తే పర్వాలేదు. జానెడే మిగిలితే దిగిపోవాలి. ఇచ్చిన డబ్బులు తిరిగి రాకపోయినా సరే.

ఎక్కడం దిగడంలోనే పెద్దవాళ్లకు ఎక్కువ దెబ్బలు తగులుతాయి. ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు పడవ అంచు మీద ఉన్న క్షణంలో పడవ వెనక్కి జరుగుతుంది. పడవను తాడుతో రేవుకు కట్టించి, సరంగు చెయ్యి పట్టుకుని, అంచు మీద కాకుండా నేరుగా పడవ మధ్యలో అడుగు వేసి, వెంటనే కూర్చోవాలి. చేతిసంచి భుజానికి తగిలించుకుని ఎక్కకూడదు, ముందు దాన్ని అందించాలి.

లైఫ్ జాకెట్ గురించి మనవాళ్లలో ఉన్న నిర్లక్ష్యం బాధ కలిగిస్తుంది. మురికిగా ఉందని, ఉక్కగా ఉందని, ఫోటోలో బాగా రాదని విప్పి ఒళ్లో పెట్టుకుంటారు. మనిషి శరీరాన్ని చాలావరకు నీరే మోస్తుంది. ముక్కు, నోరు నీటిపైన ఉంచడానికి అదనంగా నాలుగైదు కిలోల తేలుడు సరిపోతుంది. మామూలు జాకెట్ ఏడు కిలోల పైచిలుకు ఇస్తుంది. ఈత రాని అరవై ఏళ్ల మనిషికి ప్రాణం నిలవడానికి అది చాలు, కానీ ఒంటికి బిగించి ఉంటేనే. అన్ని బకిల్స్ పెట్టాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడాలి. జాకెట్ గడ్డం దాటి పైకి వస్తే వదులుగా ఉన్నట్టే, నీటిలో పడగానే అది తల మీదుగా జారిపోతుంది. చీర మీద వేసుకునేటప్పుడు కొంగు జాకెట్ లోపలికి దోపి, కుచ్చెళ్లు కాళ్లకు చుట్టుకోకుండా కాస్త ఎత్తి కట్టుకోవాలి. సల్వార్ వేసుకుంటే ఇంకా మంచిది.

2017 నవంబరు 12న విజయవాడ దగ్గర కృష్ణలో, పవిత్ర సంగమం వద్ద ఒక షికారు పడవ తిరగబడి ఇరవై మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది ఒంగోలు నుంచి కలిసి విహారయాత్రకు వచ్చిన వాకర్స్ క్లబ్ సభ్యులు, వాళ్ల కుటుంబాలవాళ్లు. రోజూ పొద్దున్నే నడిచి ఆరోగ్యం కాపాడుకునే నడివయసు వాళ్లు, పెద్దవాళ్లు కార్తీక ఆదివారం నాడు అలా పోయారు. రెండేళ్లకు, 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు వరద ఉధృతిలో మునిగి యాభై మంది దాకా మరణించారు. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2017లోనే పడవల భద్రతకు మార్గదర్శకాలు విడుదల చేసింది. 1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో కొత్త దేశీయ జలరవాణా నౌకల చట్టం వచ్చింది. యంత్రంతో నడిచే పడవలకు రిజిస్ట్రేషన్, తనిఖీ, సిబ్బందికి అర్హత అందులో ఉన్నాయి. పడవ పక్కన నంబరు, ఎక్కించదగిన మనుషుల సంఖ్య రాసి ఉన్నాయా అని చూడటం, లేకపోతే అడగటం ప్రయాణికుడి హక్కు. రైల్వేలో సేఫ్టీ నియమాల మధ్య పనిచేసినవాళ్లకు ఇది కొత్తగా నేర్పాల్సిన విషయం కాదు. సిగ్నల్ లేకుండా బండి కదలనివ్వని మనిషి జాకెట్ లేకుండా పడవ కదలనివ్వకూడదు.

ఆరోగ్యం మాట. బీపీకి ఒంటేలు ఎక్కువయ్యే మాత్రలు వాడేవాళ్లు ఆ పూట మాత్ర వేళ గురించి డాక్టరును ముందే అడిగి పెట్టుకుంటే నీటి మధ్యలో అవస్థ ఉండదు. ఒంటేలు భయంతో అసలు నీళ్లే తాగకుండా ఎండలో కూర్చోవడం మాత్రం తప్పు. కొన్ని బీపీ మాత్రలతో ఒక్కసారిగా లేచి నిలబడినప్పుడు కళ్లు తిరుగుతాయి, పడవలో అది రెట్టింపు ప్రమాదం. షుగరు ఉన్నవాళ్లు పంచదార బిళ్లలో, బిస్కెట్లో జేబులో పెట్టుకోవాలి. నీటి మీద ఎండ పైనుంచే కాక కిందినుంచి కూడా కొడుతుంది, గొడుగు ఒక్కటి చాలదు. గాలికి గొడుగు తిరగబడి పడవనే లాగుతుంది కాబట్టి అంచున్న టోపీ, నల్లకళ్లద్దాలు వాడటం నయం. కళ్లకు శుక్లాల ఆపరేషన్ అయినవాళ్లకు అద్దాలు తప్పనిసరి. రైల్వే వైద్యం కోసం ఇచ్చే ఉమీద్ కార్డు, వాడే మందుల చీటీ ప్లాస్టిక్ సంచిలో వెంట ఉండాలి. సరస్సుకు దగ్గరి పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి ఖాత్రాలో ఉంది.

ముకుట్‌మణిపూర్ ఒక రోజు ముచ్చట అయితే, సొంతూళ్లకు పోయివచ్చే తెలుగువాళ్లకు దారిలోనే మరో గొప్ప నీరు ఉంది. ఖరగ్‌పూర్ నుంచి పలాస వైపు పోయే రైలు బాలుగావ్ దాటాక చిలికా అంచు వెంబడే పరుగెడుతుంది. తరాలుగా మనవాళ్లు దాన్ని కిటికీలోంచి చూపించి పిల్లలను మురిపించడమే కానీ దిగి పడవ ఎక్కినవాళ్లు తక్కువ. దేశంలోకెల్లా పెద్ద ఉప్పునీటి కయ్య అది. 1981లో రాంసర్ ఒప్పందం కింద అంతర్జాతీయ గుర్తింపు పొందింది. పూడిక పెరిగి, ఉప్పదనం తగ్గి పాడైపోతున్న దశలో 2000 సెప్టెంబరులో సముద్రానికి కొత్త ముఖం తవ్వారు. చేపలు, రొయ్యలు మళ్లీ పెరిగాయి, 2002లో ప్రమాదపు జాబితా నుంచి దాన్ని తొలగించారు. బాలుగావ్ దగ్గరి బర్కుల్ నుంచి, రంభ నుంచి పడవలు ఉన్నాయి. ఇరావతి డాల్ఫిన్లు చూడాలంటే పూరీ వైపున్న సాతపడా వెళ్లాలి. లోతు తక్కువైనా చిలికా గాలి మొండిది. కాళీజాయి దీవిలోని అమ్మవారు పెళ్లికూతురిగా పడవలో పోతూ తుఫానులో మునిగిపోయిన జాయి అనే అమ్మాయేనని అక్కడి జాలరుల కథ. తరతరాలుగా ఆ నీటిని నమ్ముకున్నవాళ్లే గాలికి మొక్కి పడవ కదుపుతారు.

ఎండునేలలో కట్టిన సరస్సుల చుట్టూ విశ్రాంత జీవితాలు అల్లుకోవడం వేరే దేశాల్లోనూ ఉంది. అమెరికాలో కొలరాడో నది మీద 1938లో పూర్తయిన పార్కర్ డ్యామ్ వెనుక హవాసు సరస్సు ఏర్పడింది. దాని ఒడ్డున 1964లో ఎడారిలో ఒక కొత్త ఊరే కట్టారు. లండన్ థేమ్స్ నది మీది పాత రాతి వంతెనను విప్పి తెచ్చి 1971లో అక్కడ నిలబెట్టారు. ఉత్తర రాష్ట్రాల చలి తప్పించుకోవడానికి వృద్ధ దంపతులు శీతాకాలమంతా అక్కడ సొంత పడవలతో గడుపుతారు. అదే నది మీద హూవర్ డ్యామ్ వెనుక ఉన్న మీడ్ సరస్సు 2022 వేసవిలో నిండిన నాటి నుంచి ఎన్నడూ లేనంతగా తగ్గిపోయింది. రేవులు ఒక్కొక్కటే మూతపడ్డాయి, ఏనాడో మునిగిన పడవలు బురదలో తేలాయి. మన దేశంలో నిజమైన ఎడారి సరస్సులో పడవ ఎక్కాలనుకుంటే జైసల్మేర్ గడీసర్ ఉంది. పద్నాలుగో శతాబ్దంలో ఊరి తాగునీటి కోసం బాగుచేయించిన చెరువు అది. మధ్యలో పసుపురాతి మండపాలు, చుట్టూ గుళ్లు, తిరగడానికి చిన్న పడవలు. రిటైర్డ్ పాసు మీద రాజస్థాన్ వెళ్లే రైల్వే కుటుంబాలు కోటతో పాటు దాన్నీ చూసి రావచ్చు. ఈ చెరువులు, జలాశయాలు అన్నీ ఏ సాగు కోసమో తాగునీటి కోసమో పుట్టినవి. షికారుకు దొరికేది ఆ అవసరాలు తీరాక మిగిలిన నీరే.

ఖరగ్‌పూర్ నుంచి ముకుట్‌మణిపూర్‌కు రెండు దారులు. నలుగురైదుగురు కలిసి కారు మాట్లాడుకుంటే ఝార్‌గ్రామ్ మీదుగా సాల అడవుల మధ్య రోడ్డు బాగుంటుంది. రైల్లో అయితే మేదినీపూర్, గడ్‌బేతా, బిష్ణుపూర్ మీదుగా బాంకురా చేరి, అక్కడి నుంచి బస్సులో సుమారు 55 కిలోమీటర్లు. అదే రోజు తిరిగి రావాలన్న తొందరలో మధ్యాహ్నం ఎండలో పడవ ఎక్కడం కంటే, సరస్సు దగ్గర బసలో ఒక రాత్రి ఉండి మర్నాడు పొద్దున్నే నీటి మీదికి వెళ్లడం పెద్దవాళ్లకు అన్ని విధాలా మేలు. వాకింగ్ గ్రూపుగానో, పెన్షనర్ల సంఘంగానో వెళ్తే బేరమాడే శక్తి ఉంటుంది. ఆ శక్తిని పడవ కిరాయి తగ్గించడానికి కాకుండా, పడవలో మనుషులను తగ్గించడానికి, ఒక్కొక్కరికీ జాకెట్ ఇప్పించడానికి వాడాలి. జాకెట్లు సరిపోకపోతే ఆ పడవ ఎక్కవద్దు, తోటివాళ్లను ఎక్కనివ్వవద్దు.